మెకాంగ్ వెంట సముద్రం దాకా

మెకాంగ్ నదిని పుట్టిన చోటి నుంచి సముద్రం దాకా చూడాలంటే ఒక్క యాత్ర చాలదు. అందుకే మేము కింది సగాన్నే ఎంచుకున్నాం. థాయ్‌లాండ్‌లోని చియాంగ్ ఖోంగ్‌లో మొదలుపెట్టి, లావోస్, కంబోడియా మీదుగా, వియత్నాంలో నది సముద్రంలో కలిసే చోటు దాకా. దాదాపు 2,300 కిలోమీటర్ల నది. కొంత పడవలో, కొంత రైల్లో, ఎక్కువ భాగం మినీ వ్యాన్లలో వెళ్ళాం.

మేము అంటే నేను, మా బాబాయి. ఆయన ఇరిగేషన్‌లో ఏఈగా చేరి డీఈగా రిటైరయ్యారు. ఉద్యోగమంతా కృష్ణా డెల్టా కాలువల మీదే గడిచింది. మా ఊరు కూడా ఆ డెల్టాలో కాలువ చివరి ఊళ్ళలో ఒకటి. జూలై వచ్చినా కాలువకు నీళ్ళు రాకపోతే నారుమడి ఎండిపోతుందని ఇంట్లో అందరూ ఎదురుచూడడం నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. పైన ఆల్మట్టిలో ఎన్ని టీఎంసీలు ఉన్నాయన్న కబురు పొద్దున్నే టీ కొట్టు దగ్గర తెలిసిపోయేది. మూడు నాలుగు రాష్ట్రాల మధ్యే ఇంత పేచీ ఉంటే, ఆరు దేశాలు పంచుకునే నది సంగతేమిటో చూడాలని బాబాయికి చాలా ఏళ్ళుగా కోరిక.

బయల్దేరే ముందు ఆయన టేబుల్ మీద మ్యాప్ పరిచి నాకు పాఠం చెప్పారు. నది పుట్టేది చైనాలోని చింగ్‌హాయ్ రాష్ట్రంలో, టిబెట్ పీఠభూమి మీద, 5,000 మీటర్లకు పైన. అక్కడి నుంచి యున్నాన్‌లోకి దిగుతుంది. అక్కడొక విచిత్రం ఉంది. సాల్విన్, మెకాంగ్, యాంగ్జీ మూడు నదులూ చాలా దూరం పక్కపక్కనే, వేర్వేరు లోతైన లోయల్లో దక్షిణానికి పారతాయి. ఒకచోట సాల్విన్‌కీ మెకాంగ్‌కీ మధ్య 20 కిలోమీటర్లు కూడా ఉండదు, మధ్యలో కొండ మాత్రం ఆకాశాన్నంటుతుంది. అంత దగ్గరగా నడిచిన మూడు నదుల్లో ఒకటి మయన్మార్ దాటి అండమాన్ సముద్రంలో, ఒకటి షాంఘై దగ్గర, ఒకటి దక్షిణ చైనా సముద్రంలో కలుస్తాయి. ఆ ప్రాంతాన్ని 2003లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. మెకాంగ్ పొడవు మొత్తం 4,300 నుంచి 4,900 కిలోమీటర్ల దాకా రకరకాలుగా చెబుతారు, ఎక్కడి నుంచి కొలిచారన్న దాన్ని బట్టి. పరీవాహక ప్రాంతం 7,95,000 చదరపు కిలోమీటర్లు. చైనా, మయన్మార్, లావోస్, థాయ్‌లాండ్, కంబోడియా, వియత్నాం, అన్నిటికీ అందులో వాటా ఉంది.

చియాంగ్ ఖోంగ్ చిన్న ఊరు. నది అవతల లావోస్‌లోని హువాయ్ సాయ్. ఇదివరకు చిన్న పడవలో దాటేవారట. 2013 డిసెంబర్‌లో వంతెన తెరిచాక విదేశీయులంతా దాని మీదుగానే వెళ్ళాలి. మేము వెళ్ళింది నవంబర్ మొదట్లో. వర్షాకాలపు వరద తగ్గుముఖం పట్టింది గానీ నీళ్ళింకా ఎర్రమట్టి రంగులోనే ఉన్నాయి. నీళ్ళు దిగిన కొద్దీ ఒడ్డు వాలులో ఒండ్రు మట్టి బయటపడుతోంది. జనం అప్పుడే కర్రలు పాతి, కంచె కట్టి, వేరుశనగ, ఆకుకూరలు వేస్తున్నారు. మన లంక పొలాల్లో చేసే సాగే ఇది. ఎరువు అక్కర్లేదు, నది ఏటా కొత్త మట్టి తెచ్చి వేస్తుంది.

ఈ ఊళ్ళో ఒక విజయం కథ కూడా ఉంది. ఇక్కడికి దగ్గర్లో నదిలో పెద్ద రాతి గుండ్లు, సుడులు ఉన్నాయి. పెద్ద సరుకు ఓడలు యున్నాన్ నుంచి కిందికి రావడానికి వీలుగా ఆ రాళ్ళను పేల్చేయాలని చైనా ప్రతిపాదించింది. ఆ రాళ్ళ సందుల్లోనే చేపలు గుడ్లు పెడతాయి, వేసవిలో నాచు పెరుగుతుంది, పక్షులు గూళ్ళు పెడతాయి. చియాంగ్ ఖోంగ్ జనం ఏళ్ళ తరబడి పోరాడారు. 2020 ఫిబ్రవరిలో థాయ్ కేబినెట్ ఆ ప్రాజెక్టును రద్దు చేసింది. నాకు ఆ రాళ్ళను చూస్తుంటే ఆ జనం మీద గౌరవం పెరిగింది.

హువాయ్ సాయ్ నుంచి లువాంగ్ ప్రబాంగ్‌కు వెళ్ళే స్లో బోట్ రెండు రోజుల ప్రయాణం. పొడవాటి చెక్క పడవ, అందులో పాత వ్యాన్లలోంచి తీసిన సీట్లు. చీకటి పడ్డాక నడపరు కాబట్టి రాత్రికి పాక్‌బెంగ్ అనే కొండ ఊళ్ళో దిగాలి. దారంతా అటూ ఇటూ అడవి కొండలు. నది మాత్రం ఎక్కడా నిదానంగా లేదు. నీళ్ళ మధ్యలోంచి నల్లని రాళ్ళు పొడుచుకొచ్చి ఉంటాయి. పడవ నడిపే ఆయన ఏ రాయికి ఏ వైపు తిప్పాలో మ్యాప్ లేకుండా, ఫోన్ చూడకుండా నడిపాడు. ఇసుక తిన్నెలున్న చోటల్లా పడవ ఆగేది. బియ్యం బస్తాలు, గ్యాస్ సిలిండర్లు, కోళ్ళ బుట్టలు దిగేవి. ఆ ఊళ్ళలో చాలావాటికి దారి నదే.

లువాంగ్ ప్రబాంగ్ దగ్గరపడుతుండగా క్రేన్లు కనిపించాయి. ఊరికి దాదాపు 25 కిలోమీటర్ల ఎగువన 1,460 మెగావాట్ల ఆనకట్ట కడుతున్నారు. బాబాయి పైకి లేచి, పడవ అంచు పట్టుకుని, కాంక్రీటు గోడలు కనుమరుగయ్యేదాకా అలాగే చూస్తూ ఉండిపోయారు.

"కట్టడం బాగుందిరా. కట్టేవాళ్ళకి పని వచ్చు. కానీ ఇంత ఒండ్రు మోసుకొచ్చే నదికి అడ్డం కడితే ఆ ఒండ్రు ఎక్కడికి పోతుందో ముందు అడగాలి" అన్నారు.

లువాంగ్ ప్రబాంగ్ పాత రాజధాని. మెకాంగ్‌లో నామ్ ఖాన్ అనే చిన్న నది కలిసే చోట, రెండు నీళ్ళ మధ్య ముక్కులా పొడుచుకొచ్చిన నేల మీద కట్టారు. 1995లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఆ కొసన ఉన్న వాట్ సియెంగ్ థాంగ్ ఆలయం పదహారో శతాబ్దంలో సెట్టాతిరాత్ రాజు కట్టించినది. పైకప్పు అంచులు దాదాపు నేలను తాకేలా కిందికి వాలి ఉంటాయి. గుళ్ళ గురించి చాలామంది రాశారు, నేను ఒక తిండి గురించి చెబుతాను. వేసవిలో నీళ్ళు తేటపడ్డాక నది అడుగు రాళ్ళ మీద పెరిగే ఆకుపచ్చ నాచును తీసి, కడిగి, పల్చని రేకుల్లా ఎండబెట్టి, నువ్వులు, వెల్లుల్లి అద్ది వేయిస్తారు. కైపెన్ అంటారు. కరకరలాడుతుంది. శాకాహారి అయిన బాబాయికి లావోస్‌లో దొరికిన పెద్ద ఆసరా అది, జిగురు అన్నంతో.

అయితే ఊరి ముందు నది మా పడవలో చూసినట్టు లేదు. ఉరవడి తగ్గి, వెడల్పుగా, చెరువులా నిలిచినట్టుంది. కారణం దిగువన సయాబురిలో 2019 అక్టోబర్‌లో పని మొదలుపెట్టిన 1,285 మెగావాట్ల ఆనకట్ట. దాని వెనక నీళ్ళు ఇక్కడిదాకా నిలుస్తాయి. ఉత్పత్తయ్యే కరెంటులో 95 శాతం థాయ్‌లాండ్ కొంటుంది. ఇంతకంటే పెద్దవి పైన చైనాలో ఉన్నాయి. 1990ల్లో మన్వాన్‌తో మొదలుపెట్టి, 292 మీటర్ల ఎత్తున్న షియావాన్, 5,850 మెగావాట్ల నుఓజాదు దాకా వరసగా కట్టారు. వర్షాకాలంలో నీళ్ళు పట్టి ఉంచి, ఎండాకాలంలో కరెంటు కోసం వదులుతారు. వినడానికి ఇది కింది దేశాలకు మేలే అనిపిస్తుంది. వరద తగ్గుతుంది, వేసవిలో నీళ్ళుంటాయి. మెకాంగ్‌కు ఇది ఎందుకు మేలు కాదో కంబోడియాకు వెళ్ళాక బాగా అర్థమైంది.

లువాంగ్ ప్రబాంగ్ నుంచి వియంటియాన్‌కు రైలు. 2021 డిసెంబర్‌లో చైనా సరిహద్దు నుంచి మొదలైన ఈ లైను మీద, కొండల్లో సొరంగాల గుండా రెండు గంటల్లో వచ్చేశాం. అంతకుముందు బస్సులో రోజంతా పట్టేదట.

వియంటియాన్‌లో సాయంత్రమైతే ఊరంతా నది గట్టు మీదే ఉంటుంది. అవతలి ఒడ్డు థాయ్‌లాండ్. అటూ ఇటూ భాష ఒకటే, పాట ఒకటే, తినే జిగురు అన్నం ఒకటే. 1893లో ఫ్రెంచి యుద్ధనౌకలు నదీముఖం దాటి బ్యాంకాక్ దాకా వచ్చి సయాం (థాయ్‌లాండ్ పాత పేరు) రాజును బెదిరించాక, నదికి ఎడమ ఒడ్డు ఫ్రాన్స్‌కు, కుడి ఒడ్డు సయాంకు అని ఒప్పందం రాశారు. అంతదాకా రెండు ఒడ్లనూ కలిపే బజారు వీధిగా ఉన్న నది, ఆ కాగితంతో సరిహద్దు అయిపోయింది. ఇవాళ లావో భాష మాట్లాడేవాళ్ళు లావోస్‌లో కంటే థాయ్‌లాండ్‌లోనే ఎక్కువ.

మెకాంగ్ నదీ కమిషన్ ఆఫీసు కూడా ఈ ఊళ్ళోనే ఉంది. 1995 ఏప్రిల్ 5న లావోస్, థాయ్‌లాండ్, కంబోడియా, వియత్నాం సంతకాలు చేసి దీన్ని పెట్టుకున్నాయి. చైనా, మయన్మార్ సభ్యులు కావు, సంప్రదింపుల భాగస్వాములు మాత్రమే. ప్రధాన నది మీద ఎవరైనా ఆనకట్ట కట్టాలంటే ముందు మిగతా మూడు దేశాలకూ చెప్పాలి, చర్చించాలి. కానీ వద్దని ఆపే అధికారం ఎవరికీ లేదు. మా బాబాయి ఆ ఆఫీసు గేటు ముందు నిలబడి ఫొటో తీయించుకున్నారు. "మనకి ట్రైబ్యునల్ అయినా ఉంది. ఎంత ఆలస్యమైనా ఎవరికెన్ని టీఎంసీలో అంకె రాసి ఇస్తుంది. పాపం వీళ్ళకి అదీ లేదు" అన్నారు. నేనూ ఆయనతో ఏకీభవిస్తాను. అంకె లేని ఒప్పందం కింద ఉన్నవాడికి పెద్దగా అక్కరకు రాదు.

దక్షిణ లావోస్‌లోని పాక్సేకి బస్సులో వెళ్ళి, అక్కడి నుంచి చంపాసక్ చేరాం. తెలుగువాళ్ళెవరైనా ఈ దారిన వెళితే వాట్ ఫూ తప్పకుండా చూడాలి. కొండ కొమ్మున సహజంగా లింగం ఆకారంలో ఒక రాయి నిలిచి ఉంటుంది. పాత సంస్కృత శాసనాల్లో ఆ కొండ పేరు లింగపర్వతం. దాని పాదాన శివాలయం. ఇరువైపులా దేవగన్నేరు చెట్లున్న రాతి మెట్లెక్కి పైకి వెళితే, గర్భగుడి వెనక కొండ రాతిలోంచి ఊట నీళ్ళు కారుతుంటాయి. ఒకప్పుడు ఆ నీళ్ళు రాతి తొట్టి గుండా నేరుగా లింగం మీద పడేలా ఏర్పాటు చేశారు. ఇప్పుడు గర్భగుడిలో బుద్ధుడున్నాడు. భక్తులు ఆ ఊట నీటిని ఇప్పటికీ తల మీద చల్లుకుంటున్నారు. గుడి వెనక బండ మీద త్రిమూర్తుల శిల్పం ఉంది. దగ్గర్లో దొరికిన అయిదో శతాబ్దపు శాసనం దేవానీకుడనే రాజు ఇక్కడొక తీర్థాన్ని నెలకొల్పి కురుక్షేత్రమని పేరు పెట్టినట్టు చెబుతుంది. భారత పురావస్తు శాఖ వాళ్ళు ఇక్కడ కొన్నేళ్ళుగా మరమ్మతులు చేస్తున్నారు. కార్తీక మాసంలో, ఇంటికి ఇంత దూరంలో, శివుడి కొండ ఎదురుగా మెకాంగ్‌ను చూస్తూ మా బాబాయి మెట్ల మీద కూర్చుని రుద్రం చదువుకున్నారు. నాకు అదొక్కటే చాలు ఈ యాత్రకు వచ్చినందుకు అనిపించింది.

అక్కడి నుంచి కిందికి వస్తే నది ఒక్కసారిగా వెడల్పయి, లెక్కలేనన్ని పాయలుగా చీలిపోతుంది. నాలుగు వేల దీవులంటారు ఆ చోటును. దీవులు అయ్యాక నది రాతి మెట్టు మీదుగా దూకుతుంది, అదే ఖోన్ జలపాతం. ఎత్తు 21 మీటర్లే. కానీ అన్ని పాయలూ కలిపితే అడ్డంగా పది కిలోమీటర్లకు పైనే. ప్రపంచంలో ఇంత వెడల్పు జలపాతం ఇంకోటి లేదు. ఖోన్ ఫాపెంగ్ అనే పెద్ద పాయ దగ్గర నిలబడితే పక్క మనిషి మాట వినపడదు.

ఈ రాతి మెట్టు ఒక సామ్రాజ్యం కలను చెడగొట్టింది. 1866 జూన్‌లో దూదార్ ద లాగ్రే నాయకత్వంలో ఫ్రెంచివాళ్ళు సైగాన్ నుంచి బయల్దేరారు, మెకాంగ్ మీదుగా ఓడల్లో చైనాకు దారి దొరుకుతుందని. కంబోడియాలోని సుడుల దగ్గరే సందేహం మొదలైంది, ఖోన్ చూశాక ఆశ పోయింది. అయినా రెండేళ్ళు నడిచారు. లాగ్రే 1868లో యున్నాన్‌లో జబ్బు చేసి చనిపోయాడు. ఫ్రాన్సిస్ గార్నియే మిగిలినవాళ్ళను యాంగ్జీ మీదుగా షాంఘైకి చేర్చాడు. 1893లో ఫ్రెంచివాళ్ళే మళ్ళీ వచ్చి, డాన్ ఖోన్ దీవి మీద రైలు పట్టాలు వేసి, స్టీమర్లను విడదీసి జలపాతం దాటించారు. తర్వాత వంతెన కట్టి పక్కనున్న డాన్ డెట్ దీవికి కూడా పొడిగించారు. మేము ఆ వంతెన మీద సైకిళ్ళతో వెళ్ళాం. తుప్పు పట్టిన పాత ఇంజను ఇప్పటికీ షెడ్డు కింద ఉంది.

చేపలకు మాత్రం ఈ రాతి మెట్టు దాటడానికి ఒక దారి ఉండేది. ఎండాకాలంలో కూడా పైకి ఈదగలిగే పాయ ఒక్కటి, హూ సహాంగ్. సరిగ్గా దాని మీదే 260 మెగావాట్ల డాన్ సహాంగ్ ఆనకట్ట కట్టి 2020లో నడపడం మొదలుపెట్టారు. పక్క పాయల్లో రాళ్ళు తొలిచి చేపలకు కొత్త దారి చేశామని కట్టినవాళ్ళు చెబుతున్నారు. దీవికి కింది కొసన, కంబోడియా సరిహద్దులో ఒక లోతైన మడుగు ఉంది. అక్కడ ఐరావతి డాల్ఫిన్లు ఉండేవి. వాటిలో చివరిది 2022 ఫిబ్రవరిలో వలలో చిక్కి చనిపోయింది. మడుగు చూడడానికి వెళ్ళాం. నీళ్ళున్నాయి, అంతే.

సరిహద్దు దాటి కంబోడియాలోని క్రాటియేకి వెళ్ళాక ఆ బాధ కొంత తీరింది. ఊరికి ఎగువన కంపి అనే చోట డాల్ఫిన్లు మిగిలాయి. మొత్తం మెకాంగ్‌లో వంద దాకా ఉంటాయి. పడవాయన ఇంజను ఆపేసి తెడ్డు వేశాడు. కాసేపటికి బుస్సుమని శబ్దం, బూడిద రంగు గుండ్రని తల పైకి వచ్చి మళ్ళీ మునిగింది. తర్వాత ఇంకోటి, దాని పక్కన పిల్ల. మన శ్రీకాకుళం దాటి కాస్త ముందుకు వెళితే ఒడిశా చిలికా సరస్సులో ఉన్నవీ ఈ జాతి డాల్ఫిన్లే. ఈ చుట్టుపక్కల నీళ్ళలో ఇంకా ఏమున్నాయో చెప్పడానికి ఒక్క సంగతి చాలు: 2022 జూన్‌లో స్టుంగ్ ట్రెంగ్ దగ్గర జాలర్లకు 300 కిలోల టేకు చేప దొరికింది. మంచినీళ్ళలో పట్టి తూచిన చేపల్లో ప్రపంచంలో అదే పెద్దది. దానికి ట్యాగ్ కట్టి మళ్ళీ నదిలోకి వదిలేశారు.

నోమ్ పెన్ చేరేసరికి ఊరు నిండిపోయి ఉంది. కార్తీక పౌర్ణమికి అక్కడ నీళ్ళ పండుగ. రాజమందిరం ముందు నదిలో మూడు రోజులు పడవ పందేలు. సన్నగా పొడుగ్గా రంగులేసిన పడవలు, ఒక్కోదాంట్లో డెబ్భై ఎనభై మంది. రాత్రి దీపాలతో అలంకరించిన పెద్ద పడవలు వరసగా వస్తాయి. చంద్రుడికి అటుకులు, అరటిపండు నైవేద్యం పెడతారు. పండుగకు కారణం భూగోళమే. ఆ రోజుల్లోనే టోన్లే సాప్ నది దిశ మారుతుంది.

దీన్ని వివరంగా చెప్పాలి, ఎందుకంటే మెకాంగ్‌లో నాకు అన్నిటికంటే గొప్పగా తోచింది ఇదే. కంబోడియా మధ్యలో టోన్లే సాప్ అనే పెద్ద సరస్సు ఉంది. అందులోంచి అదే పేరుతో ఓ నది నూరు కిలోమీటర్లకు పైగా పారి, నోమ్ పెన్ దగ్గర మెకాంగ్‌లో కలుస్తుంది. జూన్‌లో వానలు పడి మెకాంగ్ ఉబ్బితే దాని మట్టం ఈ నది కంటే పైకి లేస్తుంది. అప్పుడు నీళ్ళు వెనక్కి తిరిగి సరస్సులోకి పారతాయి, నాలుగైదు నెలల పాటు. వేసవిలో 2,500 చదరపు కిలోమీటర్లు, మీటరు లోతు ఉండే సరస్సు, వానలు బాగా పడిన ఏడాది 15,000 చదరపు కిలోమీటర్లు దాటుతుంది. లోతు తొమ్మిది మీటర్లకు వస్తుంది. చుట్టూ ఉన్న అడవి మునిగిపోతుంది. అక్టోబర్, నవంబర్‌లలో మెకాంగ్ తగ్గితే నది మళ్ళీ తిరిగి, పట్టి ఉంచిన నీళ్ళను కిందికి వదులుతుంది. వియత్నాం డెల్టాకు ఎండాకాలపు నీళ్ళలో మంచి భాగం ఇదే.

"మనం కోట్లు పోసి బ్యాలెన్సింగ్ రిజర్వాయర్లు కట్టాం. వీళ్ళకి తలుపుల్లేని రిజర్వాయర్ దానంతటదే పనిచేస్తోంది" అన్నారు బాబాయి. ఆయన అంత ఆశ్చర్యపోవడం నేను చాలా అరుదుగా చూశాను.

పండుగ అయ్యాక సరస్సు వైపు కంపాంగ్ ఛనాంగ్ అనే ఊరికి వెళ్ళి చిన్న పడవ మాట్లాడుకున్నాం. చెట్ల తలలు మాత్రమే నీళ్ళ పైన ఉన్నాయి. మా గైడ్ కుర్రాడు పడవను కొమ్మల మధ్యలోకి తీసుకెళ్ళి, ఆకులు చేత్తో పక్కకు నెట్టి కిందికి చూడమన్నాడు. వేలెడంత చేప పిల్లలు గుంపులుగా. మునిగిన అడవిలో కుళ్ళే ఆకులు, వరద తెచ్చిన ఒండ్రు, వాటిమీద పెరిగే పురుగులే వాటి తిండి. నీళ్ళు తీస్తున్నప్పుడు అవి నదిలోకి వస్తాయి. వాటిని పట్టి, ఉప్పు వేసి ఊరబెట్టి, ఏడాది పొడుగునా కూరల్లో వాడే ప్రహోక్ చేస్తారు. అక్కడి పేదవాడి పళ్ళెంలో అన్నం తర్వాత ఉండేది అదే.

పైన వరదను ఆపితే ఏమవుతుందో ఇక్కడ కళ్ళకు కనిపిస్తుంది. మెకాంగ్ తగినంత ఎత్తుకు లేవకపోతే నీళ్ళు వెనక్కి తిరగవు. 2019లో, 2020లో వానలూ తక్కువ, ఆనకట్టలూ నీళ్ళు పట్టాయి. నది తిరగడం బాగా ఆలస్యమైంది, అడవిలో చాలా భాగం తడవలేదు. 2019 చివర్లో థాయ్ ఒడ్డున నఖోన్ ఫానోమ్ దగ్గర మెకాంగ్ నీలంగా మారింది. చూసినవాళ్ళు అందంగా ఉందని ఫొటోలు తీసుకున్నారు. ఒండ్రు లేక నీళ్ళు తేటపడడం వల్ల వచ్చిన రంగు అది. కంబోడియాకు వరద కావాలి. వరద తగ్గించి మేలు చేస్తున్నామనే లెక్క ఈ సరస్సు ముందు నిలబడదు.

నోమ్ పెన్ నుంచి వియత్నాంలోని చౌ డాక్‌కు పడవలో వెళ్ళాం. మధ్యలో రెండు దేశాల చెక్‌పోస్టుల దగ్గర దిగి పాస్‌పోర్టులు చూపించాలి. ఏ సరిహద్దు గుండా వస్తున్నామో వియత్నాం ఈ-వీసాలో ముందే సరిగ్గా రాసుకోవాలి, అది చూసుకోకపోతే టెన్షన్. నది ఇక్కడ రెండు పెద్ద పాయలు, టియెన్, హౌ. వాటికీ కాలువలు, కాలువలకు పిల్ల కాలువలు. డెల్టా దాదాపు 40,000 చదరపు కిలోమీటర్లు, వియత్నాం వరిలో సగానికి పైగా ఇక్కడే పండుతుంది. మా ఇద్దరికీ ఇంటికి వచ్చినట్టే ఉంది: కొబ్బరి చెట్లు, కాలువ గట్లు, గట్టు మీద ఇళ్ళు, నీళ్ళలో బాతులు.

చౌ డాక్‌లో నది మీద తేలే ఇళ్ళున్నాయి, ఆ ఇళ్ళ కిందే వలల్లో చేపల పెంపకం. అక్కడా, ఒడ్డు చెరువుల్లోనూ పెంచేది పంగాసియస్ జాతి. మన కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో ఫంగస్ చేప అని పెంచేది ఇదే. దాని సొంత ఊరు ఈ నది అని తెలిసి ఎవరికైనా చెప్పాలనిపించి, భీమవరంలో చెరువులున్న మా బావకు వీడియో కాల్ చేశాను. మేత ఏమిటి, ఎకరానికి ఎన్ని పిల్లలు వేస్తున్నారు, సైజు ఎంతకు పడుతున్నారు అని ఆయన అడిగిన ప్రశ్నలు గైడ్ ద్వారా అడిగి చెప్పేసరికి గంట గడిచింది.

కాన్ థో దగ్గర కై రాంగ్ తేలే సంత చూశాం. పడవలో ఏ సరుకుందో తెలియడానికి పొడవాటి గడకు అదే సరుకు కట్టి నిలబెడతారు, అనాస ఉంటే అనాస, గుమ్మడి ఉంటే గుమ్మడి. రోడ్లు, వంతెనలు వచ్చాక పడవలు బాగా తగ్గాయి.

డెల్టా పచ్చగా ఉన్నా దాని కింద నేల బాగా లేదు. సముద్ర మట్టం కంటే సగటున మీటరు కూడా ఎత్తు లేదు. బోర్లు వేసి నీళ్ళు తోడడం వల్ల నేల కుంగుతోంది. పైన ఆనకట్టల్లో ఒండ్రు ఆగిపోతోంది, నది అడుగున ఇసుక తవ్వేస్తున్నారు, కాబట్టి కుంగిన చోట కొత్త మట్టి పడడం లేదు. ఎగువ జిల్లాల్లో మూడో పంట కోసం ఎత్తయిన కట్టలు వేసి వరదను పొలంలోకి రానీయకపోవడంతో ఉన్న ఒండ్రూ పొలానికి అందడం లేదు. ఎండాకాలంలో నది బలహీనపడితే ఉప్పునీరు ఎగదన్నుతుంది. 2016లోనూ 2020లోనూ చాలా లోపలికి వచ్చి వరి, పండ్ల తోటలు దెబ్బతిన్నాయి. మా దివిసీమ వైపు వాళ్ళకు ఇందులో ఒక్క మాట కూడా విడమర్చి చెప్పక్కర్లేదు.

చివరి మజిలీ సోక్ ట్రాంగ్ ప్రాంతం. హౌ నది సముద్రంలో కలిసే ట్రాన్ దె దగ్గర నది వెడల్పు ఎంతంటే అవతలి ఒడ్డు గీతలా కనిపిస్తుంది. నీళ్ళు సముద్రంలోకి వెళ్ళాక కూడా చాలా దూరం మట్టి రంగే. ఒడ్డున మడ అడవి, బురద, రేవులో చేపల పడవలు. కాసేపు ఉండి, దారిలో రైతుల దగ్గర ఆగాం, బాబాయి పట్టుబట్టి ఆపించారు.

ఆ పొలాల్లో ఒకే మడిలో ఏడాదిలో వరీ రొయ్యా రెండూ పండిస్తారు. మేము వెళ్ళినప్పుడు వరి పొట్ట మీద ఉంది, మడి చుట్టూ లోతైన గాడి. కోత అయ్యాక తూము తెరిచి ఉప్పునీరు పెట్టి రొయ్య పిల్లలు వదులుతారు. రొయ్యలు పట్టాక, జూలై, ఆగస్టు వానలతో ఉప్పు కడిగి మళ్ళీ నారు వేస్తారు. రొయ్యల పెంటే వరికి ఎరువు, వరి దుబ్బే రొయ్యకు మేత. రైతు జేబులోంచి చిన్న ఉప్పు మీటరు తీసి గాడి నీళ్ళలో ముంచి చూపించాడు. బాబాయి అది చేతిలోకి తీసుకుని ఎంత ధర, ఎక్కడ దొరుకుతుంది అని అడిగి రాసుకున్నారు. ఉప్పు ఎంతకు తగ్గితే నాటు వేస్తారని అడిగితే, లీటరుకు రెండు మూడు గ్రాముల లోపు అన్నాడు. వాన ఆలస్యమైతే? నాటు ఆలస్యం. పైనుంచి నదిలో నీళ్ళు తక్కువొస్తే? ఆ ఏడాది వరి వదిలేసి రొయ్యతోనే సరిపెట్టుకుంటామన్నాడు. "మీ ఊళ్ళో ఏం చేస్తారు?" అని అతను అడిగాడు. బాబాయి గట్టు మీద కూర్చుని, పుల్లతో మట్టిలో ప్రకాశం బ్యారేజీ, దాని కింద కాలువలు, చివర మా ఊరు గీసి, ఒక్కొక్కటిగా చెప్పడం మొదలుపెట్టారు.